జానెడు కొస

ముప్పై రెండేళ్ళు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినవాడికి ఒక రోగం అంటుకుంటుంది. ఎవరు ఏది అడిగినా తెలియదు అనే మాట నోటికి రాదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు. రిటైరై పన్నెండేళ్ళైనా నాకది నయం కాలేదు. బీపీకి మాత్ర ఉన్నట్టు దీనికీ ఒకటి ఉంటే పొద్దున్నే పరగడుపున వేసేదాన్నని మా ఆవిడ సునంద అంటుంది.

నా పేరు నర్సింగ్ రావు. పుట్టింది మేడిపల్లిలో, ఇల్లు జగిత్యాలలో. మా తాతల కాలంలో ఊళ్ళో మా ఇంటి మాటకు ఎదురుమాట లేదు. భూములు చాలావరకు పోయాయి కానీ ఆ అలవాటు నా నాలుక మీద మిగిలిపోయింది. క్లాసురూములో దానికి మంచి గిరాకీ.

నా దగ్గర ఒక కథ ఉంది. పెళ్ళిళ్ళలో, పెన్షనర్ల మీటింగుల్లో, ఆఖరికి నాకు శాలువా కప్పిన రిటైర్మెంటు సభలో కూడా చెప్పాను. పందొమ్మిది వందల ఎనభై ఐదు, కోరుట్ల కాలేజీ, ఇంటర్ రెండో సంవత్సరం. అమెరికావాళ్ళ వ్యోమనౌకలు వెళ్ళి, తిరిగి వచ్చి, మళ్ళీ వెళ్తున్న రోజులవి. నేను పాఠం ఆపి చెప్పాను: "గిప్పటిదాక రాకెట్ అంటె మోదుగాకు ఇస్తరి. ఒక్కపాలి తిని పారేసుడే. ఇగ నుంచి కంచం. కడిగి మళ్ళ తినుడు. రెండు వేల సంవత్సరానికి మీరు కోరుట్ల బస్టాండుల వేములవాడ బస్సెక్కినట్టు దాన్ని ఎక్కుతరు. గా పనికి లక్షల మంది గావాలె. ఫిజిక్స్ చదువుకున్నోళ్ళు గావాలె." అప్పుడు వెనుక బెంచీలోంచి ఒక పిల్లవాడు లేచాడు. జేబులోంచి ఒక కార్డు తీశాడు. టీచర్ ట్రైనింగులో సీటు వచ్చిందని పంపిన కార్డు. అందరి ముందూ దాన్ని చింపి, "నేను ఫిజిక్సే చదువుత సార్" అన్నాడు. నేను క్లాసు మొత్తంతో చప్పట్లు కొట్టించాను.

కథ అక్కడితో అయిపోతుంది. వినేవాళ్ళు కూడా చప్పట్లు కొడతారు. ఆ పిల్లవాడి పేరు నాకు గుర్తు లేదు. కథకు దాని అవసరమూ ఎప్పుడూ పడలేదు.

మొన్న నవంబరులో ఒక గురువారం సాయంత్రం ఒకాయన మా గేటు తీసుకొని లోపలికి వచ్చాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, సన్నగా ఉన్నాడు. సీసా అడుగంత మందం కళ్ళద్దాలు. చేతిసంచీలోంచి కొత్త తువ్వాల తీసి నా చేతిలో పెట్టి వంగి దండం పెట్టాడు.

"నేను జలపతిని సార్. కోరుట్లల మీ స్టూడెంటును. గుర్తువట్టిండ్రా?"

"ఎందుకు గుర్తువట్ట!" అన్నాను. గుర్తు లేదు. రోగం అన్నాను కదా.

వాళ్ళది కోరుట్లే కానీ సిరిసిల్లకు పోయి ముప్పై ఏడేళ్ళైందట. అక్కడ రెండు సాంచెలకు, అంటే రెండు మరమగ్గాలకు ఆసామి. అవి కాక వైపని చేస్తాడు. మగ్గం మీద బీముకు చుట్టిన నూలు అయిపోతే, కొత్త బీము పోగులను పాతవాటికి ఒక్కొక్కటిగా ముడివేసే పని అది. నాకు వివరంగా చెప్పాడు. నాకు ముందే తెలిసినట్టు తల ఊపాను.

"నా బిడ్డ పేరు నీల సార్. మెకానికల్ ఇంజినీరింగు చేసింది. ఒక్కపాలే రెండు నౌకర్లచ్చినయి. ఒకటి గీ జగిత్యాల కలెక్టరాఫీసుల జూనియర్ అసిస్టెంటు. ఇంకోటి హైదరాబాదుల రాకెట్ల కంపెనీ. చిన్నది సార్, అరవై మంది గూడ లేరు. పోయి మళ్ళ వాపసచ్చే రాకెట్లు జేస్తరట. ముందుగాల చిన్నయి, తర్వాత పెద్దపెద్దయి. సోమవారం లోపల్నే రెండిట్ల ఏదో ఒకటి చెప్పాలె."

"పిల్ల ఏమంటది మరి?"

"ఏమంటలేదు సార్. గదే నా బాధ. వాళ్ళమ్మ సర్కారు నౌకరంటది. నేను రాకెట్లంట. మా ఇద్దరి నడుమ అది నోరు మూసుకున్నది. మీరు ఒక్కసారి అచ్చి చెప్పుండ్రి సార్. గప్పుడు మాకు చెప్పినట్టు."

"గప్పుడు ఏం చెప్పిన?"

చెప్పాడు. ఇస్తరి, కంచం, వేములవాడ బస్సు, లక్షల మంది. ఒక్క ముక్క పొల్లు పోలేదు. నలభై ఏళ్ళ తర్వాత నా పాఠం నాకే అప్పజెప్పే శిష్యుడు దొరికితే ఏ పంతులు ఆగుతాడు? ఉబ్బిపోయాను. టీ తెస్తున్న సునందను చూసి "విన్నవా?" అన్నాను. ఆగలేక, "గా దినమే ఒక పిల్లగాడు లేచి..." అని నా కథ మొదలుపెట్టి చప్పట్ల దాకా చెప్పేశాను.

జలపతి తల వంచుకొని మర్యాదగా విన్నాడు. అంతా అయ్యాక అన్నాడు, "నేనే సార్, గా కార్డు చింపింది."

సునంద ట్రే కింద పెట్టింది. కప్పులు గలగలమన్నాయి.

ఆవిడే అడిగింది తర్వాత ఏమైందని. నేను అడగలేదు. జగిత్యాలలో డిగ్రీలో చేరాడట. రెండో ఏడు నడుస్తుండగా వాళ్ళ నాన్న పోయాడు. తమ్ముళ్ళు చిన్నవాళ్ళు. చదువు ఆపి సిరిసిల్లలో మేనమామ దగ్గర సాంచె పనికి పోయాడు. ఇదంతా పక్కింటివాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"టీచర్ ట్రైనింగుకు పోయుంటె?" అంది సునంద.

"నాతోని సీటచ్చినోడు మొన్ననే హెడ్మాస్టరైండమ్మా," అని నవ్వాడు జలపతి. ఆ నవ్వులో నా మీద కోపం ఏమైనా ఉందా అని వెతికాను. దొరికితే కొంచెం తేలికగా ఉండేది. దొరకలేదు.

ఆదివారం వస్తానని మాట ఇచ్చి పంపించాను. గేటు వేసి వచ్చేసరికి సునంద గుమ్మంలోనే నిలబడి ఉంది.

"నలభై ఏండ్ల సంది చప్పట్లు కొట్టిచ్చుకుంటున్నరు. గా పిల్లగాడు ఏమైండో ఒక్కనాడన్న అడిగిండ్రా?"

ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఆ మూడు రోజులు నాకు వేరే సంగతులు గుర్తుకొచ్చాయి. నేనా పాఠం చెప్పిన రెండు మూడు నెలలకే, ఎనభై ఆరు జనవరిలో, ఆ నౌకల్లో ఒకటి గాలిలోనే పేలిపోయింది. ఏడుగురు పోయారు. మరునాడు పేపర్లన్నీ అదే. నేను కోరుట్ల క్లాసులోకి పోయి కాంతి వక్రీభవనం మొదలుపెట్టాను. ఎవరో చెయ్యెత్తారు. సిలబస్ వెనుకబడింది, కూర్చో అన్నాను. ఆ చెయ్యి జలపతిదేమో! అయ్యుంటుంది. వారానికొకసారి ఎగురుతుందని అమెరికావాళ్ళు చెప్పిన నౌక ఏ ఒక్క ఏడూ పదిసార్లైనా ఎగరలేదు. తర్వాత ఇంకొకటి కూలి మరో ఏడుగురు పోయారు. చివరికి వాటిని మ్యూజియంలో పెట్టారు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా నా కథలో ఆ చప్పట్ల దగ్గరే ఆగాను.

అందుకే గట్టిగా నిర్ణయించుకున్నాను. పోయి ఆ పిల్లతో సర్కారు ఉద్యోగంలో చేరమని చెప్తాను. నా నోటికి ఒక ఇంట్లో ఒక్కరు బలైంది చాలు.

ఆదివారం పొద్దున వేములవాడ మీదుగా బస్సులో పోయాను. జలపతి బస్టాండుకు వచ్చి తీసుకుపోయాడు. వాళ్ళ వాడలో అడుగు పెట్టగానే సాంచెల చప్పుడు చెవుల్లో కాదు, పళ్ళలో వినబడుతుంది. ఇల్లు ముందు, రేకుల షెడ్డు వెనుక. జలపతి భార్య రాజమణి మంచినీళ్ళు ఇచ్చి, ఆయన షెడ్డులోకి పోగానే గొంతు తగ్గించింది.

"సారూ, మీరన్న చెప్పుండ్రి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టున్నది గా కంపెనీ ముచ్చట. గిప్పటిదాక ఒక్కటన్న ఎగిరిందా? నెల తిరిగితె జీతమచ్చే నౌకరిడిసిపెట్టి గిదేం పిచ్చి?"

"నేను గదే చెప్దామనచ్చినమ్మా," అన్నాను. ఆమె ముఖం విప్పారింది. నాకూ ఒక మంచిపని చేయబోతున్న తృప్తి కలిగింది.

షెడ్డులో ఒక సాంచె నడుస్తోంది. రెండోది ఆగి ఉంది. దాని బీము ఆ పొద్దునే అయిపోయింది. పక్కన కొత్త బీము సిద్ధంగా ఉంది. ఆగిన సాంచె దగ్గర నూనె గుడ్డతో తుడుస్తున్న అమ్మాయి నన్ను చూసి చేతులు తుడుచుకొని దండం పెట్టింది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. తండ్రి లాగే సన్నగా ఉంది కానీ చూపు మాత్రం పరీక్ష పేపరు దిద్దుతున్నట్టుంది.

జలపతికి ఆ రోజు కాళ్ళు నేల మీద లేవు. చుట్టుపక్కల షెడ్లవాళ్ళకు కూడా "మా సార్ అచ్చిండు" అని చెప్పి వచ్చాడు. ఒక బ్లేడు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"సార్, పాత బీము అయిపోయింది. మీ చేతులతోని కొయ్యుండ్రి. మంచిగైతది."

రిబ్బను కోయడానికి పిలిచిన ముఖ్య అతిథి ఎక్కడ కోయాలని అడుగుతాడా? నేనూ అడగలేదు. జలపతి నడుస్తున్న సాంచెలో పోగు తెగితే అటు తిరిగాడు. నా ముందు నిలువుగా వందలకొద్దీ సన్నని ఇనుప తీగలు. ఒక్కో తీగకు నడుమ సూది కన్నంత కన్ను. ఒక్కో కంట్లోంచి ఒక పోగు. తీగల వెనుక, అయిపోయిన బీము వైపు ఆ పోగులు నలిగి, నూనె మరకలతో మురికిగా వేలాడుతున్నాయి. చూడటానికి అసహ్యంగా ఉంది. ఏ పనైనా శుభ్రంగా చేయడం నా అలవాటు. తీగలకు ఆనించి బ్లేడు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క లాగు లాగాను.

"సార్!" అని అరిచింది నీల.

అప్పటికే అయిపోయింది. ముందు బట్ట వైపున్న బిగువుకు పోగులన్నీ తీగల కళ్ళలోంచి జారి ముందుకు పడిపోయాయి. తీగలు వట్టి కళ్ళతో నన్ను చూస్తున్నాయి.

జలపతి తిరిగి చూశాడు. వచ్చి మొట్టమొదట చేసిన పని, నా వేలు కోసుకుంటానేమోనని బ్లేడు మెల్లగా నా చేతిలోంచి తీసుకోవడం. "ఏం గాదు సార్," అన్నాడు. ముఖం మాత్రం తెల్లబోయింది.

తర్వాత నీల చెప్పింది. పాత పోగులను జానెడు పొడవు వదిలి కోయాలి. ఆ జానెడు కొసకే కొత్త పోగు ముడివేస్తారు. రెండు వేల నాలుగు వందల పోగులు, రెండు వేల నాలుగు వందల ముడులు. వేశాక ముందు నుంచి లాగితే, కొత్త పోగులు పాతవాటి వెంట తమంతట తామే కళ్ళలోంచి, దువ్వెన పళ్ళ లాంటి సందుల్లోంచి దూరి వచ్చేస్తాయి. జలపతి చేతికి అది సగం రోజు పని. కొస లేకపోతే అంతా మళ్ళీ మొదటి నుంచి. ఒక్కో పోగునూ ఒక్కో కంట్లోంచి కొక్కెంతో లాగాలి. ఇద్దరు కూర్చుంటే చీకటి పడేలోపు అయితే అదృష్టం. పదేళ్ళ కింద పనికి కొత్తగా వచ్చిన ఒకడు ఇలాగే నీటుగా కోశాడట. వాడ వాడంతా ఇప్పటికీ చెప్పుకుంటారట.

"బాపుకు కళ్ళు మసుకలు సార్," అంది. "ముడైతె వేళ్ళతోనే ఏస్తడు, చూసుడు అక్కరలేదు. గని తీగ కన్ను ఆయనకు కనవడది. ముందట నేను కూసుంట. ఎనుక పోగు అందిచ్చెటోళ్ళు ఒక్కరు గావాలె."

రాజమణి వంటా, నూలు కండెలు చుట్టడమూ చూసుకోవాలి. జలపతి నడిచే సాంచె దగ్గర ఉండాలి.

"నేనందిస్త," అన్నాను.

జలపతి వద్దు వద్దన్నాడు. వినలేదు. కొత్త బీము పక్కన పీట వేయించుకొని కూర్చున్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా నాయనమ్మ అనేది. తొక్కినవాడే కడగాలి కదా. ఒక్కో పోగు వేరుచేసి తీగల వెనుక పట్టుకుంటే, అటు నుంచి కొక్కెం కంట్లోంచి వచ్చి లాక్కుపోతుంది. మళ్ళీ పోగు. మళ్ళీ కొక్కెం. మొదటి వంద అయ్యేసరికి నా నడుము నాది కాదు.

మూడు వందల దగ్గర నేను వచ్చిన పని గుర్తొచ్చి గొంతు సవరించుకున్నాను.

"బిడ్డా, నువ్వు సర్కారు నౌకరిల చేరు."

"ఎందుకు సార్?"

"మీ బాపుకు నేను చెప్పిన మాట తప్పైంది గనుక." మొత్తం చెప్పాను. వారానికొకటి అన్న మాట, పదికి చేరని లెక్క, పద్నాలుగు ప్రాణాలు, మ్యూజియం. నేను చప్పట్లు కొట్టించిన సంగతీ చెప్పాను.

"పోగు సార్," అంది నీల.

చెయ్యి ఆగిపోయిందని అప్పుడు చూసుకున్నాను. అందించాను.

"గది ఎందుకు నడువలేదంటరు?" అని అడిగింది.

రోగం మేల్కొంది. డిజైను, బరువు, అమెరికా రాజకీయాలు అని మూడు భాగాలుగా మొదలుపెట్టాను. మొదటి భాగం నడుమ మళ్ళీ "పోగు సార్" అంది. ఆమె కోపంగా అనడం లేదు. పని ఆగకూడదంతే.

కాసేపటికి తనే చెప్పింది. "పోవుడు మంచిగనే పోయింది సార్. వాపసచ్చుడు గూడ మంచిగనే అచ్చింది. అచ్చినంకనే గిట్ల కూసున్నరు. దాని ఒంటికి ఇరవై నాలుగు వేల పలకలుండె, వేడి తగలకుండ. ఒకదాని తీరుగ ఇంకోటి ఉండది. ఎగిరచ్చిన ప్రతిపాలి ఒక్కొక్కదాన్ని చూసుడు, ఊడిందాన్ని అతికిచ్చుడు. ఇంజన్లు విప్పుడు, మళ్ళ బిగిచ్చుడు. పైన ఉన్నది వారం పది దినాలు, కింద కూసున్నది నెలలకు నెలలు. సాంచె నడిచే దినాలకంటె ఆగిన దినాలే ఎక్కువైతె ఏ ఆసామి బతుకుతడు చెప్పుండ్రి?"

నేను రెండు పోగులు ఒక్కసారే అందించాను. ముప్పై రెండేళ్ళు వస్తువు పైకి ఎలా పోతుందో చెప్పాను, కిందికి ఎలా పడుతుందో చెప్పాను. దిగిన మరునాడు దాన్ని ఏం చేస్తారన్నది ఒక్కనాడూ తట్టలేదు. దిగడంతోనే కంచం తనంతట తాను కడుక్కుంటుందనుకున్నాను. మా ఇంట్లో కంచం ఎవరు కడుగుతారో నాకెప్పుడూ పట్టలేదు కదా.

మధ్యాహ్నం రొట్టె, పప్పు తింటూ జలపతి ఫోనులో వీడియో పెట్టాడు. అమెరికాలో ఇప్పుడు ఎగరేస్తున్న పెద్ద రాకెట్. ఇరవై అంతస్తుల ఎత్తుండే కింది సగం పైకి పోయి, పై సగాన్ని వదిలి, నిప్పులు కక్కుతూ నిలువుగా వెనక్కి వస్తుంది. ఒక టవరుకున్న రెండు ఇనుప చేతులు దాన్ని గాల్లోనే పట్టుకుంటాయి. జలపతి ఫోను కళ్ళద్దాలకు ఆనించుకొని చూస్తున్నాడు. వందోసారి అట. పట్టుకున్న క్షణంలో ఆయన నోరు చిన్నపిల్లవాడి లాగా తెరుచుకుంది. కోరుట్ల వెనుక బెంచీ నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ ముఖమే.

"చూసిండ్రా సార్? మీరన్నదే! జెర ఆలస్యమైంది గంతే."

"బాపు పట్టుకునుడు చూస్తడు," అంది నీల చెయ్యి కడుక్కుంటూ. "నేను తెల్లారి ఏమైతదో చూస్త. తెల్లారి మళ్ళ లేస్తదా, నెలకు లేస్తదా? గంత పెద్దది దినాం లేస్తేనే బాపూ, నీ వేములవాడ బస్సు. గది ఇంక ఎవ్వలు జేసి చూపియ్యలేదు."

మళ్ళీ పీట మీద కూర్చున్నాం. కంపెనీలో తన పని ఏమిటో అప్పుడు చెప్పింది. మండించి ఆపిన ఇంజనును చూసి, ఏది విప్పాలి, ఏది ముట్టకూడదు అని తేల్చే పని. అక్కర లేనిది విప్పితే నెలలు పోతాయి, అక్కరున్నది విప్పకపోతే ప్రాణాలు పోతాయి. ఇంటర్వ్యూలో సిరిసిల్ల వైపని గురించి చెప్పిందట, జానెడు కొస గురించి. ముగ్గురూ నవ్వారట. వారంలో ఆర్డరు పంపారట.

"గంత మనసున్నప్పుడు ఎందుకు ఊకున్నవ్ మరి?"

కొక్కెం ఆగింది. పొద్దుటి నుంచి అది తనంతట తాను ఆగడం అదే మొదటిసారి.

"భయం సార్. గా కంపెనీ రేపు మూతవడితె? సర్కారు నౌకరి మళ్ళ అస్తదా? నా చిన్నప్పటి సంది బాపు 'మా సార్ చెప్పిండు' అంటడు. అమ్మ 'మీ సార్ ముంచిండు' అంటది. ఇద్దరికీ ఖాయంగ తెలుసు. నాకే ఏం తెల్వది." తీగల సందుల్లోంచి నన్ను సూటిగా చూసింది. "ఇయ్యాల మీరే దొరికిండ్రు. మీరే చెప్పుండ్రి. అయితదా? మనుషులు బస్సెక్కినట్టు ఎక్కుతరా?"

నా నోట్లో రెండు జవాబులు తయారుగా ఉన్నాయి. అవుతుందనేది ఒకటి, కాదనేది ఒకటి. రెండిటికీ లెక్కలున్నాయి, సామెతలున్నాయి, చివర చప్పట్లకు చోటుంది. పొద్దున బ్లేడు పట్టుకున్న చేతిలో ఇప్పుడొక పోగు ఉంది. దాన్ని చూస్తూ కూర్చున్నాను.

"నాకు తెల్వది బిడ్డా," అన్నాను.

డెబ్బై ఏళ్ళ మనిషిని, బట్టలు లేకుండా బజార్లో నిలబడ్డట్టయింది. నీల ఈసారి పోగు సార్ అనలేదు. తీగల వెనుక ఆమె ముఖం మెల్లగా మెత్తబడింది.

"గీ మాట నాకు చెప్పినోళ్ళు మీరొక్కలే సార్," అంది. కొక్కెం సవరించుకుంటూ అంది, "తెలిస్తె నన్నెందుకు పిలుస్తరు? తెల్వకనే గదా, చూసెటోళ్ళు గావాలె." కొక్కెం మళ్ళీ కంట్లోకి దూర్చి, "పోత సార్," అంది.

నేను పోగు అందించాను.

సాయంత్రం ఐదున్నరకు ఆఖరి పోగు కంట్లోంచి దూరింది. జలపతి సాంచె నడిపించి, కొత్త బట్ట మీద వేళ్ళు ఆనించి, ఒకచోట ఆపాడు. "గీడ రెండు వడ్డయి సార్," అన్నాడు. కళ్ళకు కనబడని గీతను వేలు పట్టింది. పలకల సంగతి విన్నప్పుడు నేనిచ్చిన జంట పోగులవి. ఒకదాన్ని తీసేసి మళ్ళీ నడిపించాడు.

నీల లోపలికి పోయి ఒక కాగితం తెచ్చి నాకిచ్చింది. కలెక్టరుకు దరఖాస్తు. చేరడానికి మూడు నెలల గడువు కోరుతూ. వారం కిందటే టైపు చేసిందట, తేదీ మాత్రం వేయలేదు.

"గడువిస్తరా?" అని అడిగాను.

"తెల్వది సార్. అడుగుడైతె అడుగుత. ఇయ్యకపోయినా హైదరాబాదుకే పోత." కలం తీసి తేదీ వేసింది. రాజమణి గుమ్మంలో నిలబడి అంతా చూసింది. నా మీద ఆమెకున్న ఆశ పోయిందని ముఖమే చెప్పింది. అయినా ఆ కాగితం తీసుకొని దేవుడి పటం దగ్గర పెట్టి, పైన పసుపు డబ్బా బరువు పెట్టింది.

జలపతి బస్టాండు దాకా వచ్చాడు. వేములవాడ బస్సు వచ్చి ఆగాక అడిగాడు.

"సార్, బిడ్డకు ఏం చెప్పిండ్రు?"

"నాకు తెల్వదని చెప్పిన."

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా కొసకు తుడుచుకున్నాడు.

"జలపతీ, గా మాట నీకు గప్పుడు చెప్పుంటె?" అని నేనే అడిగేశాను. మధ్యాహ్నం నుంచి గొంతులో ఉన్న ప్రశ్న. "టీచర్ ట్రైనింగుకు పోయేటోనివి గదా?"

"లేదు సార్. గట్ల చెప్పినా ఫిజిక్సే చదువుతుంటి," అన్నాడు. అద్దాలు పెట్టుకున్నాడు. "గని కార్డు చింపకపోతుంటి."

కండక్టరు రైట్ అన్నాడు. జలపతి నా మోచెయ్యి పట్టి ఎక్కించాడు. కిటికీ పక్కన కూర్చున్నాక, నలభై ఏళ్ళు నా కథలో లేని ఒక ముక్క నాకు గుర్తొచ్చింది. ఆ పిల్లవాడు చింపిన కార్డు ముక్కలు తెచ్చి నా చేతిలోనే పెట్టాడు. చప్పట్లు అయిపోయాక నేను వాటిని కిటికీలోంచి బయట పారేసి, చేతులు దులుపుకొని, సుద్దముక్క తీసుకున్నాను.